గద్దక్క నీళ్ళ సీసా

ఎవరి మీద ఒట్టేసి చెప్పమన్నా చెబుతాను, కాకలు తీరిన క్రేను డ్రైవర్లు వెతికితే పదిమంది దొరుకుతారేమో గానీ గద్దక్క మాత్రం ఒక్కతే.

ఆ పేరు పెట్టింది సైటులో పనిచేసేవాళ్ళే. పొద్దున్నే నిచ్చెనెక్కి టవర్ క్రేను నెత్తి మీద అద్దాల గదిలో కూర్చుందంటే, ఇక కింద ఏ మూల ఏం జరిగినా ఆమె కంట పడాల్సిందే. ఇటుకల చాటున కునుకు తీసేవాడు, పని మానేసి ఫోనులో గుసగుసలాడేవాడు, అందరూ అడ్డంగా దొరికిపోయేవాళ్ళు. "ఏం నాయనా నీలం చొక్కా, టోపీ పెట్టుకో. నీ బట్టతల తళుక్కుమని నా కళ్ళు చెదురుతున్నాయి" అని వాకీటాకీలో అనేది. సైటంతా గొల్లుమనేది. నీలం చొక్కా సిగ్గుపడి టోపీ పెట్టుకునేవాడు.

పుట్టుకతో ఎవరూ గద్దలు కారు. ఆమె మొదట ఆ కంపెనీలో సామాన్లు మోసే లిఫ్టు దగ్గర మీటలు నొక్కే పనికి చేరింది. లిఫ్టంటే దడదడమని ఆగాలి, లోపలున్నవాళ్ళ పళ్ళు కటకటమనాలి, అదే లోకరీతి. ఈమె నడిపితే మాత్రం ఎప్పుడాగిందో తెలిసేది కాదు, తలుపు తెరుచుకుంటేనే తెలిసేది. సిగ్నల్ మేస్త్రీ అది కనిపెట్టాడు. కింద నిలబడి వాకీటాకీలో "పైకి, ఆపు, కుడికి, దించు" అని క్రేను డ్రైవరుకి కళ్ళూ చెవులూ అయ్యేవాడే సిగ్నల్ మేస్త్రీ. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన పోయి ఇంజనీరుగారి బల్ల ముందు నిలబడి, "సార్, ఈ అమ్మాయి చేతిలోనే బ్రేకుంది. క్రేను నేర్పించండి" అన్నాడు. ఆడమనిషి అంత ఎత్తెక్కి కూర్చుంటుందా అని కొందరు మూతి విరిచారు. కూర్చుంది. శిక్షణ అయ్యింది, లైసెన్సు వచ్చింది. మూతి విరిచినవాళ్ళు తమ మూతులు తామే సరిచేసుకున్నారు.

ఇంట్లో వాళ్ళాయనకి క్షవరం షాపు. ఆయన కత్తెర కంటే నోరు చురుకు. ఇక అత్తగారైతే చెప్పనే అక్కర్లేదు. కూరగాయల బండివాడు కనపడినా సరే, "మా కోడలిది ఆకాశంలో ఉద్యోగం. మబ్బులు కూడా దాన్ని అడిగే పక్కకి జరుగుతాయి" అనేది. కోడలు వినేలా మాత్రం ఒక్కనాడూ అనలేదు. వినేలా అంటే నెత్తికెక్కుతుందని ఆవిడ భయం. అప్పటికే అంత ఎత్తున కూర్చున్న మనిషికి ఇంకెక్కడికెక్కుతుందో ఆవిడకే తెలియాలి.

సరే, అసలు సంగతి నీళ్ళ సీసా దగ్గర మొదలైంది. ఆ సైటులో రెండు క్రేన్లు. పెద్దది గద్దక్కది, రెండోది పొడుగాయనది. పొడుగాయనంటే గుమ్మంలోంచి వంగి వచ్చే మనిషి, ఆమెకన్నా వయసులో చిన్న, ఆమెని అక్కా అంటాడు. పొద్దున్నే ఇద్దరూ గేటు దగ్గర కుళాయిలో సీసాలు నింపుకుని పైకెక్కుతారు. సాయంత్రం దిగాక అక్కడున్న చెక్క బెంచీ మీద సీసాలు పెడతారు. నిండు సీసా తిరిగి తెచ్చినవాళ్ళు మొనగాళ్ళు. ఎందుకంటే నీళ్ళు తాగితే మధ్యలో దిగాలి. దిగి, ఎక్కేసరికి కింద ఇరవైమంది చేతులు కట్టుకుని కూర్చోవాలి. "మళ్ళీ ఆగిందిరా క్రేను" అనిపించుకోవాలి. అందులోనూ ఆడమనిషి దిగితే ఆ మాట వెనకాల ఇంకో మాట కూడా ఉంటుంది. గద్దక్క ఆ మాట ఎవరి నోటా రానివ్వలేదు. ఎర్రటి ఎండలో, అద్దాల గది ఉడికిపోతుంటే, పెదాలు తడుపుకోవడానికి ఓ గుక్క తప్ప తాగేది కాదు. సాయంత్రం టక్కున నిండు సీసా బెంచీ మీద పెట్టేది. పక్కనే పొడుగాయన సీసా, అదీ నిండే. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఓరగా చూసుకుని నవ్వుకునేవాళ్ళు. చూసేవాళ్ళకి అదో సరదా. బుద్ధున్నవాడు ఒక్కడుంటే ఆరోజే ఆ బెంచీ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేవాడు!

ఆ ఏడాది ఆమె మనసంతా ఒక్క పని మీదే ఉంది. పక్కపక్కనే లేస్తున్న రెండు పెద్ద భవనాల మధ్య, చిట్టచివరి అంతస్తు దగ్గర, ఉక్కు వంతెన ఒకటి ఎక్కించాలి. మొత్తం ఒకటే ముక్క. అటూ ఇటూ జానెడు సందు కూడా ఉండదు, సరిగ్గా కూర్చోవాలి. పునాది తవ్వేనాడే ఇంజనీరుగారు అన్నాడు, "వంతెన మాత్రం నీ చేతుల మీదుగానే కూర్చోవాలమ్మా" అని. అప్పట్నుంచి ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ వంక చూసుకునేది. ఎప్పటికైనా పక్కనున్నవాళ్ళకి వేలు పెట్టి చూపించి "అది నేను పెట్టిందే" అనాలని ఆశ. వంతెన ఇంకో మూడు వారాలకి ఎక్కుతుందనగా నొప్పి వచ్చింది.

మామూలు నొప్పా అది! ఎడమ డొక్కలో, వెనకనుంచి, ఎవరో కత్తి దించి మెలితిప్పినట్టు వచ్చి కిందికి గజ్జల్లోకి పాకింది. ఒళ్ళంతా చెమటలు. కళ్ళముందు క్రేను లివర్లు రెండుగా కనపడ్డాయి. ఆ సమయానికి కొక్కేనికి కిటికీ అద్దాల పెట్టె వేలాడుతోంది, గాల్లో, మనుషుల మధ్యకి దిగాల్సినది. ఆమె పెదవి కరిచిపట్టుకుంది. అరవలేదు, మూలగలేదు. బాబాయ్ "దించు... దించు... నెమ్మది..." అంటున్నాడు, ఆమె దించుతోంది. పెట్టె నేలకి ఆనింది. తాళ్ళు విప్పారు. అప్పుడు అంది, "బాబాయ్, నేను దిగుతున్నాను. ఎవరైనా నిచ్చెన దగ్గరికి రండి" అని. బాబాయ్‌కి ఆ గొంతు చాలు, నిచ్చెన దగ్గరికి పరిగెత్తాడు. ఆ నిచ్చెన ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అద్దాల పెట్టెలో మాత్రం ఒక్క అద్దం కూడా చిట్లలేదు.

ఆసుపత్రిలో నొప్పి ఇంజెక్షను చేసి స్కాను తీశారు. రాయి. కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే సన్నటి గొట్టంలో, బాగా పైనే, అడ్డంగా ఇరుక్కుంది. ఎనిమిది మిల్లీమీటర్లు.

"అంటే ఎంతండీ?" అంది అత్తగారు.

"శనగగింజంత అనుకోండి పెద్దమ్మా" అంది డాక్టరమ్మ.

"ఓస్! శనగగింజా! దానికా నా కోడలు అంతలా మెలికలు తిరిగింది!"

"ఆ గొట్టం లోపల అగ్గిపుల్లంత దారి కూడా ఉండదు పెద్దమ్మా. అందులో శనగగింజ అంటే మాటలా?"

డాక్టరమ్మ మంచి మనిషి. హడావిడి పడలేదు. కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి, గొట్టం గీసి, రాయి ఉన్నచోట చుక్క పెట్టి నింపాదిగా చెప్పింది. మూడు దారులున్నాయంది.

మొదటిది మందులు వేసుకుంటూ, నీళ్ళు తాగుతూ ఎదురుచూడటం. "చిన్నరాయైతే, ఇంకా కింద ఉంటే, నేనే ముందు అది చెప్పేదాన్ని. ఇది తనంతట తాను పడే అవకాశం తక్కువ. పడేలోపు నొప్పి ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు. పైగా గొట్టం వదులు కావడానికి ఇచ్చే మాత్ర వేసుకుంటే కొందరికి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి."

రెండోది షాక్ వేవ్. బల్ల మీద పడుకోబెట్టి బయటినుంచే రాయి మీదకి తరంగాలు కొడతారు. లోపలికి ఏదీ వెళ్ళదు, చాలామంది ఆరోజే ఇంటికెళ్ళిపోతారు, కొద్దిరోజుల్లో పనిలోకి కూడా. "కాకపోతే ఒక్కసారికే పగులుతుందని చెప్పలేను. రెండోసారి రావాల్సి రావచ్చు. పగిలిన ముక్కలు కొన్ని వారాలపాటు పడుతుంటాయి. పడేటప్పుడు నొప్పి రావచ్చు, రాకపోవచ్చు."

మూడోది స్కోపు. మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి కెమెరా గొట్టం పైకి పంపి, లేజరుతో రాయిని పొడి చేసేస్తారు. కోత లేదు. ఒక్క దెబ్బకి పని అయిపోయే అవకాశం దీనికే ఎక్కువ. కాకపోతే లోపలి వాపు తగ్గేదాకా మెత్తటి ట్యూబు ఒకటి పెట్టి ఉంచాలి, ఈమెకి రెండు వారాలకి పైనే. "అదున్నన్నాళ్ళూ మంట ఉంటుంది, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తాలనిపిస్తుంది. నేల మీద తిరగొచ్చు గానీ మీ నిచ్చెన ఎక్కకూడదు. ట్యూబు తీసి, మళ్ళీ స్కాను చూశాకే పని."

అత్తగారు మధ్యలో ముక్కు చీదింది. "వీళ్ళ మావగారికీ ఇలాగే రాయి వస్తే డొక్కలో ఇంత పొడుగు కోత కోశారు తల్లీ. మంచం దిగడానికి నెలలు పట్టింది."

"ఆ కోత ఇప్పుడు ఎక్కడో అరుదుగా తప్ప చెయ్యడం లేదు పెద్దమ్మా. భయపడకండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చలి, జ్వరం వచ్చిందంటే ఈ మూడూ పక్కనపెట్టి పరుగున రావాలి. అప్పుడు ముందు ఆగిన మూత్రానికి దారి చెయ్యాలి. రాయి సంగతి ఆ తర్వాతే."

గద్దక్క ఆ బొమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. "మీరైతే ఏది చేయించుకుంటారు డాక్టరుగారూ?" అంది.

"కుర్చీలో కూర్చుని చేసే పని నాది. నొప్పొస్తే పెన్ను పక్కన పెడతాను, అంతే. మీ చేతిలో పెన్ను కాదు కదమ్మా ఉండేది. మీ పని తలుచుకుని మీరే చెప్పండి. ఎక్కువ నాన్చకండి, కిడ్నీ మీద ఒత్తిడి పడుతోంది."

ఇక చూడండి, మర్నాడు క్షవరం షాపులో పెద్ద సభే జరిగింది. వాళ్ళాయన నోట్లో నువ్వుగింజ నానదు కదా. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ డాక్టరే. ఒకాయన సగం గీసిన గడ్డంతో లేచి నిలబడి, "షాక్ వేవే చేయించండి, నాకు ఒక్కసారికే పిండి పిండయింది" అన్నాడు. వెనకాల బల్ల మీదున్నాయన, "నాకు రెండుసార్లు కొట్టినా అది చెక్కుచెదర్లేదు, చివరికి స్కోపే గతి. ఆ ట్యూబుందే, పగవాడికి కూడా వద్దు" అన్నాడు. ఇంకొకాయన ఏ మందూ లేకుండా బస్సు గతుకుల్లో పోతుంటే రాయి పడిపోయిందట. ఆ బస్సు నంబరు చెప్పమని వాళ్ళాయన నిజంగానే అడిగాడు! రాత్రి అన్నం దగ్గర ఇవన్నీ ఏకరువు పెడితే గద్దక్క తలపట్టుకుంది.

"ఇంతమంది చెప్పారు, నీకేదనిపిస్తోందోయ్?" అన్నాడాయన.

"షాక్ వేవ్" అంది టక్కున.

అనడమే కాదు, లోపల లెక్క కూడా వేసేసుకుంది. కొద్దిరోజుల్లో సీట్లో కూర్చోవచ్చు. వంతెన చేజారదు. ఇంజనీరుగారికి ఏదో జ్వరమని చెబితే సరి. స్కోపు అంటే ట్యూబు, ట్యూబంటే నిచ్చెన లేదు, నిచ్చెన లేదంటే వంతెన ఇంకొకరిది. సీటు ఒకసారి వదిలితే, "ఆడమనిషి కదా, పాపం, ఒంట్లో బాగుండదు" అనే మాట పుడుతుంది. ఇన్నేళ్ళు దాహం చంపుకుని చంపిన మాట అది. రాయి సంగతి దేవుడెరుగు, ఆ మాటే ఆమెకి గొంతులో అడ్డం పడింది.

ఆ జ్వరం కబురు చెప్పడానికే మర్నాడు సైటుకెళ్ళింది. నొప్పి మాత్ర వేసుకుంది కాబట్టి నడవగలుగుతోంది. ఆమె క్రేను మీద ఆమె బదులు వచ్చిన డ్రైవరు కూర్చున్నాడు. గేటు దాటి బాబాయ్ పక్కకి వెళ్ళి నిలబడింది. పైన ఇనుప చువ్వల కట్ట ఒకటి కదులుతోంది. గద్దక్క తలెత్తి చూసింది. క్రేనెక్కిన ఇన్నేళ్ళలో లోడుని ఆమె పైనుంచే చూసింది. కింద మనుషులంటే ఆమెకి రంగురంగుల టోపీల నడినెత్తులు, అంతే. మొదటిసారి లోడు పొట్టభాగం చూసింది. అంత బరువు, అంత సన్నటి తాడు, పక్కనే ఇంతమంది. చువ్వల కట్ట చిన్నగా ఊగింది. ఆమె తెలియకుండానే ఓ అడుగు వెనక్కి వేసింది.

బాబాయ్ మెడ రుద్దుకుంటున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"మెడ పట్టేసిందమ్మాయ్. నిన్నట్నుంచి పైకే చూస్తున్నాను కదా."

"రోజూ చూసేదేగా?"

"ఎక్కడ! నువ్వున్నప్పుడు నేను పైకి చూస్తానా? లోడు ఎక్కడ దిగాలో ఆ చోటే చూస్తాను. పైన నువ్వున్నావుగా!" అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. అని మళ్ళీ తలెత్తి వాకీటాకీ నొక్కి, "ఆపు, ఆపు, ఊగుతోంది" అని కేకేశాడు.

ఆ మాటకి ఆమె నిలువునా నీరైపోయింది. అన్నేళ్ళ సర్వీసులో అంత పెద్ద పొగడ్త ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. ఆ పొగడ్త ఇచ్చిన మనిషికి తను ఇవ్వబోయేది, ముక్కలు లోపల పెట్టుకుని, ఎప్పుడు మెలిపెడుతుందో తెలియని నడుముతో, "ఏం ఫరవాలేదు బాబాయ్" అనే అబద్ధం. ఆ రోజు అద్దాల పెట్టెని కిందికి తెచ్చింది తన పళ్ళబిగువు. పళ్ళబిగువుని నమ్ముకుని ఉక్కు వంతెన ఎత్తుతారా ఎవరైనా! ఛీ అనుకుంది. తనని తానే అనుకుంది.

నేరుగా ఇంజనీరుగారి గదికెళ్ళింది. జ్వరం ఊసెత్తలేదు. రాయి సంగతి, మూడు దారుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను స్కోపు చేయించుకుంటున్నాను సార్. ట్యూబు తీసి, స్కాను శుభ్రంగా ఉందని డాక్టరుగారు చెప్పేదాకా సీట్లో కూర్చోను. లోడు గాల్లో ఉండగా నాకు నొప్పి రాదని నేను గుండె మీద చెయ్యేసి చెప్పగలగాలి. మిగతా రెండు దారుల్లో అంత త్వరగా అది చెప్పలేను."

"మరి వంతెన? తేదీ మారదమ్మా. రోడ్డు మూయించడానికి అనుమతి ఆ ఒక్కరోజుకే దొరికింది."

"తెలుసు సార్. పొడుగాయన్ని నా క్రేను మీద కూర్చోబెట్టండి. మంచి చెయ్యి."

ఆ సాయంత్రం పొడుగాయన ఇంటికొచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. వంతెన తనకొచ్చినందుకు సంతోషం లేదు మొహంలో, దొంగలా ఉన్నాడు. వాళ్ళాయన నీళ్ళిస్తే గటగటా తాగేశాడు.

"అక్కా, నీకోటి చెప్పాలి. తిట్టకు. నా సీసా రోజూ నిండుగా ఉండేది చూశావూ... నాది రెండు సీసాలక్కా. ఒకటి బెంచీ మీదకి. ఇంకోటి సంచిలో."

గద్దక్కకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే నువ్వు పైన నీళ్ళు తాగేవాడివా?"

"తాగకపోతే ఎలా ఉంటానక్కా ఆ ఉడుకులో!"

"మరి దిగేవాడివి కాదుగా?"

పొడుగాయన చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఆ సంచిలో సీసా తాగాక ఖాళీ అవుతుంది కదక్కా. ఆ తర్వాత దాని పని దానికుంటుంది."

వాళ్ళాయన ఫక్కున నవ్వాడు. అత్తగారు "ఛీ ఛీ" అని లోపలికెళ్ళిపోయి లోపల నవ్వింది. గద్దక్క మాత్రం భగ్గుమంది. "ఓరి నీ దుంపతెగ! నువ్వు రెండు సీసాల మొనగాడివి, నేను నిజంగా నోరెండబెట్టుకుని రాయి కన్నానురా! నాకు ఆ వెసులుబాటు కూడా లేదని మీలో ఒక్కడికైనా తోచిందా?"

"లేదక్కా" అన్నాడు తలొంచుకుని. "నువ్వెప్పుడూ దిగేదానివి కాదు. నీకు అవసరమే లేదనుకున్నాం."

తిట్టిన తిట్లు అయిపోయాక ఆమెకి కూడా నవ్వొచ్చింది. నవ్వితే డొక్క నొప్పెట్టింది. మర్నాడే ఇంజనీరుగారికి ఫోను చేసింది. "సార్, క్రేను నిచ్చెనకి దగ్గరగా, పై అంతస్తులో ఒక బాత్రూమ్ పెట్టించాలి. నాకోసమనే కాదు, పైనున్న అందరికీ. అది లేకుండా నేను మళ్ళీ ఎక్కను." అడగడానికి ఇన్నేళ్ళు పట్టిన మాట, చెప్పడానికి నిమిషం పట్టలేదు. ఆయన సరేనన్నాడు. మూడోరోజుకి అక్కడో తలుపున్న ఆకుపచ్చ డబ్బా లేచింది.

స్కోపు బాగా జరిగింది. రాయి పొడైపోయింది. ఇక ట్యూబు! షాపులో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కూర్చుంటే లేవాలి, లేస్తే పరిగెత్తాలి. ఇంట్లో బాత్రూమ్ తలుపు గొళ్ళెం అరిగిపోయిందంటే నమ్మండి. అత్తగారు గంటకోసారి గ్లాసు పట్టుకుని మీదకొచ్చేది. "తాగు. ఆకాశంలో తాగనిదంతా ఇక్కడ తాగు."

వంతెన రోజుకి ట్యూబు ఇంకా లోపలే ఉంది. రోడ్డు మూశారు. పెద్దవాళ్ళంతా వచ్చారు. ముందురోజే బాబాయ్ ఇంటికొచ్చి వాకీటాకీ ఆమె చేతిలో పెట్టాడు. "కింద నేను చూసుకుంటాను. వంతెన వచ్చి కూర్చునే చోట, పైన, నువ్వుండు. లిఫ్టులో వెళ్ళు, నిచ్చెన జోలికి పోకు. నీ క్రేను పొగరు నీకే తెలుసు" అన్నాడు. డాక్టరమ్మ కూడా నిలబడి మాట్లాడటానికి అడ్డు చెప్పలేదు. అలా వంతెన కూర్చోవాల్సిన అంచున, నడుముకి తాడు కట్టుకుని నిలబడింది గద్దక్క. తాళ్ళు బిగించారు. బాబాయ్ కింద సిద్ధం. పొడుగాయన ఆమె సీట్లో సిద్ధం. ఇంజనీరుగారు "కానివ్వండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ట్యూబు తన సంగతి గుర్తుచేసింది.

పాత గద్దక్కైతే పళ్ళు బిగించేది. ఈమె మీట నొక్కింది. సైటంతా, పెద్దవాళ్ళంతా వింటున్న వాకీటాకీలో, గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది. "అందరూ ఆగండి. నేను బాత్రూమ్‌కి వెళ్ళాలి. నేనొచ్చాకే లోడు నేల వదలాలి."

"ఇప్పుడా?" అన్నాడు ఇంజనీరుగారు.

"ఇప్పుడే సార్. లోడు గాల్లో ఉంటే వెళ్ళలేనుగా."

పైనుంచి పొడుగాయన గొంతు వినిపించింది. "అయితే నేనూ దిగి వెళ్ళొస్తాను సార్. ఈరోజు నేను ఒక్క సీసాయే తెచ్చుకున్నాను."

రోడ్డు మూసి, పెద్దలంతా తలలెత్తి నిలబడి, అంత పెద్ద ఉక్కు వంతెన నేల మీద పడుకుని ఉండగా, ఇద్దరు మనుషులు వంతులవారీగా ఆకుపచ్చ డబ్బాలోకి వెళ్ళొచ్చారు. ఎవరూ కిసుక్కుమనలేదు. నీలం చొక్కా కూడా నవ్వలేదు.

తర్వాత వంతెన లేచింది. సగం దారిలో గాలి తగిలి కాస్త తిరిగింది. "ఆపు తమ్ముడూ. దాని ఊపు అదే చల్లారనివ్వు. నువ్వు తొందరపడకు. బ్రేకు వదిలాక ఓ క్షణం ఆగి కదులుతుందది, కంగారుపడకు. ఆ... ఇప్పుడు రానీ. ఇంకా రానీ. చాలు." వంతెన ఆమె కళ్ళముందే వచ్చి, మోకాళ్ళ ఎత్తులో నిలబడి, వెంట్రుకంత వెంట్రుకంత దిగి, తన గూట్లో తాను కూర్చుంది. ఒక్క చప్పుడు లేదు. గద్దక్క చేత్తో దాని వీపు మీద తట్టింది. కళ్ళనీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. తన చేతుల మీదుగా కాకపోయినా, తన మాట మీదే కూర్చుంది. బస్సులో పక్కనున్నవాళ్ళకి వేలు పెట్టి చూపించే హక్కు ఆమెకి లేకపోతే ఇంకెవరికుంది?

ట్యూబు తీశారు. స్కానులో గొట్టం శుభ్రంగా ఉంది. "నీళ్ళు మానారో, మళ్ళీ కలుద్దాం" అంది డాక్టరమ్మ. "మీరంటే ఇష్టమే గానీ డాక్టరుగారూ, ఇక్కడ వద్దు" అంది గద్దక్క.

మళ్ళీ పనిలోకి వెళ్ళేరోజు అత్తగారు ఓ పెద్ద సీసా నింపి చేతికిచ్చింది. "ఖాళీగా తీసుకురా. చుక్క మిగిలితే గుమ్మంలోకి రానివ్వను" అంది. కాస్త ఆగి, మొహం పక్కకి తిప్పుకుని, "వంతెన చూడటానికి ఇద్దరం వెళ్ళాం, నేనూ కూరగాయలబ్బాయీ. బాగా పెట్టావు" అంది. ఇన్నేళ్ళకి వినేలా అంది.

నిచ్చెనెక్కింది. సీట్లో కూర్చుంది. లివర్లు తుడిచి పట్టుకుంది. చేతులు బాగానే ఉన్నాయి, దిగులల్లా ఒక్కటే. జబ్బుపడి లేచిన మనిషిని మునుపట్లా నమ్ముతారో లేదో. మొదటి లోడు ఇనుప చువ్వలే. "ఎత్తు అమ్మాయ్" అన్నాడు బాబాయ్. ఎత్తింది. క్రేను పొడుగు చెయ్యి తిప్పింది. లోడు బాబాయ్ పక్కగా వెళుతుండగా, కాళ్ళ కింది అద్దంలోంచి తొంగిచూసింది. ఆయన తలెత్తితే మొహం కనపడుతుంది. మెడ రుద్దుకుంటూ పైకి చూసే ముసలి మొహం.

మొహం కనపడలేదు. ఆయన పసుపు టోపీ నడినెత్తి కనపడింది, గుండ్రంగా, కదలకుండా.

లోడు దించింది. ఆ తర్వాత సీసా మూత తిప్పి సగం దాకా తాగింది.